జావకుండ ముందు జోగక్క

కిరండూల్ బజారులో ఎండ మాడుస్తున్న వేళ, చెరుకురసం బండి వెనక ఎవరో ఐసుగడ్డను గోనెసంచిలో చుట్టి కర్రతో బాదుతుంటారు. ఆ చప్పుడు చెవిన పడితే నా నడక ఆగిపోతుంది. తినుబండారాల దుకాణాలను తనిఖీ చేయడం నా ఉద్యోగం గనుక అందుకే ఆగానని బండివాడు కంగారుపడతాడు. నిజానికి ఆ క్షణం నాకు కొంటా ఊరు కళ్లముందు నిలుస్తుంది. అక్కడి నగర పంచాయతీలో నాకీ పని నేర్పిన కురసం జోగమ్మ గుర్తొస్తుంది. ఊరందరికీ ఆమె జోగక్క.

ఎర్రబోరు దగ్గరి పల్లెలో దోర్ల ఆదివాసీ రైతుల ఇంట పుట్టి, చదువుకుని, పారిశుద్ధ్య ఇన్‌స్పెక్టరైన మనిషి. నూలు చీర, కాళ్లకు కాన్వాసు బూట్లు, భుజాన సంచి. అంగట్లో అడవి సరుకు అమ్మే ఆడవాళ్లతో తమ దోర్లి భాషలో, వ్యాపారులతో హిందీలో, భద్రాచలం వైపు నుంచి వచ్చిన హోటలు వాళ్లతో తెలుగులో మాట్లాడేది. ఏ హోటలుకు వెళ్లినా ముందు తాగడానికి నీళ్లడిగేది. ఇచ్చే మనిషి గ్లాసును ఎక్కడ ముంచుతాడో, వేళ్లు ఎంతవరకు మునుగుతాయో చూసేది. అప్పుడే డిగ్రీ ముగించి తాత్కాలిక ఉద్యోగంలో చేరిన నేను, రిజిస్టరు పట్టుకుని ఆమె వెనక హోటళ్ల పెరళ్లలోకి, మురుగు కాలువల పక్కకు తిరుగుతూ, తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని తల దించుకునేదాన్ని.

ఆ వేసవిలో ఒక వారపు అంగడి మర్నాడు ఊళ్లో చాలామందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రి వరండాలో చాపలు పరిచి సెలైన్లు ఎక్కించారు. జావ తాగడం వల్లే వచ్చిందని మధ్యాహ్నానికల్లా ఊరంతా అనుకున్నారు. అంగట్లో జావ అమ్మేది ఒక్కతే, గంగి అనే దోర్ల ఆమె. భర్త లేడు. కుండ నెత్తిన పెట్టుకుని పల్లె నుంచి రోజూ నడిచొచ్చి, అంగడి జరిగే బస్టాండు దగ్గరే అమ్ముకునేది. జోగక్క జిల్లా కేంద్రానికి మీటింగుకు వెళ్లింది. ఏదో ఒకటి చేయాలని నలుగురూ ఒత్తిడి చేస్తుంటే, పెద్ద పని చేస్తున్నాననుకుని నేనే బస్టాండు దగ్గరికి వెళ్లి, గంగి చేత ఆ రోజు కాచిన జావంతా కాలువలో పోయించాను. ఆమె ఖాళీ కుండ బోర్లించి దాని పక్కనే కూర్చుంది. చుట్టూ మూగినవాళ్లు నన్ను మెచ్చుకున్నారు.

జోగక్క తిరిగొచ్చాక ఉత్సాహంగా అంతా చెప్పాను. విని ఆమె అడిగింది.

"నువ్వు చూసినవా, ఇన్నవా?"

"అందరూ అంటున్నారక్కా."

"గంగి ఏమన్నది? ఆమెను అడిగినవా?"

అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. జోగక్క తిట్టలేదు. రిజిస్టరు తీసుకుని పేజీ మధ్యన ఒక గీత గీసింది. ఒకవైపు చూసినవి, రెండోవైపు విన్నవి రాయమని చెప్పి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

రెండు రోజులపాటు జబ్బుపడినవాళ్ల ఇల్లిల్లూ తిరిగాం. అంగట్లో ఏం తిన్నారో, ఏం తాగారో, ఎక్కడ కొన్నారో అందరినీ అవే ప్రశ్నలు అడిగింది. సగంమంది అసలు జావే ముట్టలేదు. అందరూ తాగింది ఐసు వేసిన షర్బత్తు. అమ్మిన బండ్లు వేరు, ఐసు మాత్రం ఒక్కచోటిదే. ఆ ఐసు కార్ఖానా వెనక తొట్టి మూత ఎత్తితే, పాచి పట్టిన నీళ్లలో మురుగుకాలువ ఊట వచ్చి కలుస్తోంది. అది నేను నా కళ్లతో చూశాను. జోగక్క కార్ఖానా ఆపించి, జిల్లా నుంచి ఫుడ్ ఇన్‌స్పెక్టరును రప్పించి, ఐసుతో పాటు గంగి కొత్తగా కాచిన జావ నమూనా కూడా రాయ్‌పూర్ పరీక్షకు పంపించింది.

కార్ఖానా యజమాని ఊళ్లో పలుకుబడి గల మనిషి. ఆఫీసుకొచ్చి, జావ అమ్మేదాన్ని వదిలేసి తన మీద పడ్డారేమిటని, బదిలీ చేయిస్తానని హిందీలో చాలాసేపు అరిచాడు. జోగక్క కూర్చోమని, నీళ్లిప్పించి, అదయ్యాక కార్ఖానా తాళం అడిగి తీసుకుంది.

రిపోర్టు రావడానికి వారాలు పట్టింది. ఆ వారమంతా గంగి దగ్గరికి ఒక్కరూ రాలేదు. మరుసటి అంగడి రోజు జోగక్క నన్ను వెంటబెట్టుకుని, జనం కిక్కిరిసిన వేళ చూసి, సరాసరి ఆమె కుండ ముందుకెళ్లి నేల మీద కూర్చుంది. జావ ఎలా కాచిందో, నీళ్లు ఎక్కడివో దోర్లిలో అడిగింది. గంగి చెప్పింది. జోగక్క ఆకు డొప్ప అందుకుని గుక్కగుక్కగా తాగింది. తర్వాత నావైపు తిరిగింది.

"పారబోయించింది ఈ జాగలనే గద చెల్లె. ఒప్పుకునేది గూడ ఈణ్నే."

నేను తల దించుకున్నాను. చుట్టూ ఆ రోజు నన్ను మెచ్చుకున్న మనుషులే. తప్పు నాదేనని, ఆమెను అడగకుండానే శిక్షించానని అందరి ముందూ చెప్పాను. జోగక్క దాన్ని దోర్లిలో గంగికి వినిపించింది. గంగి నన్ను పరీక్షగా చూసి, ఇంకో డొప్ప నింపి నా చేతికిచ్చింది. చల్లగా, పుల్లగా ఉంది. నేను తాగుతుండగానే వెనక నుంచి ఎవరో ముసలాయన తనకూ పోయమన్నాడు. ఆ తర్వాత కూడా జోగక్క వరసగా ప్రతి అంగడికీ అక్కడ కూర్చుని తాగింది. రిపోర్టు వచ్చేసరికి, జావలో దోషం లేదని, ఐసులోనే ఉందని ఊరికి కొత్తగా చెప్పాల్సిన పని లేకపోయింది. యజమాని కొత్త తొట్టి కట్టించుకున్నాకే జోగక్క తాళం తిరిగిచ్చింది. బదిలీ నిజంగానే వచ్చింది. సంచి సర్దుకుని నవ్వుతూ వెళ్లింది.

ఆమె శిష్యురాలినని చెప్పుకోవడానికి నాకెంత గర్వమో. కిందటి నెల ఒక ఇడ్లీ దుకాణం పిండిలో పురుగులున్నాయన్న ఫిర్యాదు మీద దుకాణం మూయించాను. తీరా ఆ పిండి పక్క దుకాణం వాళ్లదని తేలింది. ఫోన్ చేసి తెరుచుకోమంటే సరిపోతుందన్నారు ఆఫీసులో. నేను నడిచి వెళ్లాను, పొద్దున్నే, టిఫినుకు జనం నిండిన వేళ. ఆ దుకాణం మెట్టు మీద నిలబడి, దాన్ని నడిపే ఆమెను పేరు పెట్టి పిలిచి, పొరపాటు నాదని అందరికీ వినబడేలా చెప్పాను. ఈసారి తల దించుకోలేదు.