పెండ్లిపెట్టె తలుపున్న మోటార్‌సైకిల్

మా మోటార్‌సైకిల్ బ్యాటరీ కుడిపక్క నల్లరేకు కవర్ వెనక కాపురముంటుండె. కవర్ తీయాలంటే మూడు స్క్రూలు విప్పాలె. రెండు ఎదురుంగనే కనపడతయి. మూడోది సీటు కింద. సీటు లేవాలంటే మడ్‌గార్డు లోపల రెండు నట్లు తిప్పాలె, అవి కండ్లకు కనపడవు, వేళ్లతోని తడుముకోవాలె. అంటే ఇటుకంత బ్యాటరీ మొఖం చూడాలంటే సగం బండిని ఊడదీసి రోడ్డు మీద పరచాలె. దీన్ని తయారుచేసినోడు ఆ బ్యాటరీని ఎవల కంట పడకుండ దాచిండో నాకు ఇప్పటికీ తెల్వదు. దొంగల నుంచి అనుకుందామంటే, దొంగలు బండినే ఎత్తుకపోతరు గద.

ఇది ఆరేడేండ్ల కింది ముచ్చట. పట్నంల జహనుమా అనే బస్తీల ఉంటుంటిమి. నేను ఐటీఐ పాసయి, పోస్ట్‌మన్ మా గల్లీ మలుపు తిరుగుతడా లేదా అని చూసుడే డ్యూటీగా పెట్టుకున్న రోజులు. బాపు ఊరి ఆ చివరకున్న సర్కారు ఫ్యాక్టరీల ఫిట్టరు. పదకొండేండ్లు మామూలు షాపుల రాపాడినంక ఆయనను టూల్‌రూమ్‌ల ఏసిండ్రు. మిగిలిన షాపులన్నిటికి పనిముట్లు చేసిచ్చే గది అది. అక్కడ వెంట్రుకంత తేడా వచ్చినా ముక్క చెత్తబుట్టల పడతది. బాపు దాని గురించి చెప్తుంటే అమ్మ నడుమల ఆపి, "గుడి గురించా, నౌకరీ గురించా?" అని అడుగుతుండె.

ఆ నెల బాపు రెండుసార్లు సైరన్ అయిపోయినంక గేటు కాడికి చేరిండు. రెండోసారి పెద్దసారు పిలిచి, ఈ నెల మూడోసారి గిట్లయితే టూల్‌రూమ్ సంగతి మర్చిపో, మళ్ల పాత షాపే అని చెప్పిండు. నెల ఆఖరుకు ఇంక తొమ్మిది రోజులుండె. రెండుసార్లూ కారణం ఒక్కటే, నడిదారిల బండి ఆగుడు. బస్సు లేదా అంటే ఉండె. అదీ ఆలస్యంగనే వస్తుండె, కాకుంటే దానికి మెమో ఇచ్చేటోడు లేడు.

బండి ఆగుడుల ఒక చిత్రముండె. బాపు రోడ్డు పక్కన కూసొని, సీటు తీసి, కవర్ తీసి, దాని రంగు గీసుకుపోకుండ తువ్వాల మీద రంగుపక్క పైకి పెట్టి, బ్యాటరీ మీది తెల్ల ఉప్పు గీకి, వైరు నట్టు బిగిస్తే ఒక్క కిక్కుకు లేస్తుండె. మళ్ల అన్నీ బిగించి ఇంటికొస్తే రెండు రోజులు బుద్ధిగుంటుండె. మూడో రోజు ఏదో ఒక గుంతల పడంగనే మళ్ల గదే. బ్యాటరీ ముసలిదైందని ఒకడు, వైరు పోయిందని ఒకడు. దిష్టి అని అమ్మ. ఆమె హ్యాండిల్‌కు నల్లదారంతోని నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. "అమ్మా, నిమ్మకాయను బ్యాటరీ పక్కన కడితే జర కరెంటన్న వస్తుండె," అన్న. అమ్మ ఆ పూట నాకు చారు మాత్రమే పోసింది.

నా తలకాయల ఒకటే పురుగు తిరుగుతుండె. ఆగుడు మనం ఆపలేకపోతే, లోపలికి చెయ్యి పెట్టుడన్న సులువు చెయ్యొచ్చు గద? కవర్‌కు ఒక తలుపు కోస్తే అయిపాయె.

"ఏందీ, కోస్తవా?" అన్నడు బాపు. "ఫ్యాక్టరీల డ్రాయింగ్ గీసి, పాసు చేసి, చేసిన రేకది. దానికి పొక్క పెడతవా?"

"ఆ డ్రాయింగ్ గీసినాయన ఎన్నడన్న పొద్దుగాల ఆరున్నరకు రోడ్డు మీద కూసొని సీటు విప్పిండా బాపు?"

ఆ శనివారం సాయంత్రం బాపు పాత క్యాలెండర్ కాగితం తిప్పి, నేల మీద పరిచి, పెన్సిల్ చెక్కిండు. టూల్‌రూమ్ అలవాటు. అక్కడ డ్రాయింగ్ లేనిది ఆకురాయి ముట్టరు. తలుపును ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి మూడు తీర్ల గీసిండు. బ్యాటరీని స్కేలుతోని కొలిచి, చుట్టూ ఇంత ఖాళీ అని బాణాలు పెట్టిండు. కింద రెండు గళ్లు. ఒకదాంట్ల "గీసినవారు" అని తన సంతకం. రెండోది "పరీక్షించినవారు". అది ఖాళీగ ఉంటే ఆయనకు నిద్రపట్టదు.

"సంతకం పెట్టు."

"నేనేం పరీక్షించిన?"

"బండి మొత్తం చూసి, ఏ లోపం దాచకుండ అంతా కాగితం మీద ఉందని చెప్పెటోడు పెట్టే సంతకమది. చూడు, పెట్టు."

కాగితం దిక్కు ఒకసారి, బండి దిక్కు ఒకసారి చూసి పెట్టిన. పోస్ట్‌మన్ తేని నౌకరీ బాపే ఇచ్చిండని సంబరపడ్డ.

తెల్లారి ఆదివారం పత్తర్‌గట్టి వెనక గల్లీల రేకుపెట్టెలు చేసే చాచా కాడికి పోయినం. ట్రంకు పెట్టెలు చేసే చెయ్యికి రేకు తలుపు ఎంత పని! చాచా కండ్లద్దాలు పైకి జరిపి డ్రాయింగ్‌ను అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.

"క్యా హై భాయ్‌సాబ్? ఇంటి నక్షానా?"

"బండి తలుపు డ్రాయింగ్," అన్నడు బాపు, జర గట్టిగనే.

"అచ్ఛా. ఈ తలుపుల నుంచి బ్యాటరీ బయటికి రావాల్నా, మీ చెయ్యి లోపలికి పోవాల్నా?"

"చెయ్యే."

"మరి బ్యాటరీని కైకు కొలిసిండ్రు?"

నా బతుకుల బాపు లెక్కకు తప్పు పట్టిన మనిషిని మొదటిసారి చూసిన. చాచా కాళ్లు మొక్కాలనిపించింది. ఆయన బాపు పిడికిట్ల పానా పెట్టి, నట్టు తిప్పినట్టు తిప్పమన్నడు. ఆ పిడికిలి ఎంతవరకు తిరుగుతదో కవర్ మీద సుద్దతోని చుట్టూ గీసిండు. డ్రాయింగ్‌ల ఉన్నదానికి రెండింతలైంది. డ్రాయింగ్ ప్రకారం కోస్తే చెయ్యి పోతుండె, పానాతోని తిరిగి రాకపోతుండె. బాపు మడిచిన కాగితం జేబుల పెట్టుకొని, "నేను చాయ్ తాగొస్త," అని పోయిండు.

చాచా కత్తెర పట్టేముందు కవర్‌ను వేలి కణుపుతోని అంతట కొట్టి చూసిండు. టంగ్, టంగ్, టంగ్. కింది మూల కాడికి రాంగనే, డబ్. మళ్ల కొట్టిండు. డబ్.

"ఇక్కడ రేకు మాట్లాడ్త లేదు బేటా. మట్టి మాట్లాడుతుంది."

నేను నవ్విన. వేరే దారి లేకుండె. ఆ ఎండకాలం బాపు పగటినిద్రల ఉంటే అడగకుండ బండి తీసుకపోయి, జహనుమా ఎత్తు మీద ఒక మేకను తప్పించబోయి పడ్డ. మేకకేం కాలే, అది నా దిక్కు చూడను కూడ చూడలే. కవర్ కింది మూలకు సొట్ట పడ్డది. లోపలి నుంచి కొట్టి లేపాలంటే మొత్తం విప్పాలె. అందుకని పై నుంచే లప్పం నింపి, సాపు చేసి, నల్లరంగు పూసిన. అద్దం లెక్క కుదిరింది. ఐటీఐల నేను నేర్చుకున్నదంతా అండ్లనే పెట్టిన.

"బాపుకు చెప్పకు చాచా."

"నాకేంది? తలుపు చెయ్యమన్నరు, తలుపు చేస్త." జర ఆగి, "కాని చెవులు ఆయనకు కూడ ఉన్నయి," అన్నడు.

మధ్యాహ్నానికి తలుపైంది. పైన తలుపు తిరిగే కబ్జాలు, పెట్టె మూత లెక్క మీదికి లేస్తది. కింద గొళ్ళెం. ఒక వేలితోని లేపితే చాలు, బ్యాటరీ నవ్వుకుంట కనపడతది. అంతా బాగనే ఉంది. కాని తలుపు నడిమిట్ల ఎర్రగులాబీ, దానికి రెండు పచ్చటి ఆకులు. తడి ఆరలే.

"ఇదేంది?" అన్నడు బాపు.

చాచా నిజంగనే బిత్తరపోయిండు. "తలుపుకు రంగు ఎయ్యమంటిరి గద. ముప్పై ఏండ్ల సంది పెండ్లిపెట్టెలు చేస్తున్న. మూత కనపడితే చెయ్యి ఆగదు భాయ్‌సాబ్."

"రేపు టూల్‌రూమోళ్ల ముందట ఏం మొఖం పెట్టుకొని దిగాలె?"

"పువ్వు కుడిపక్కనే ఉంది గద బాపు," అన్న నేను. "ఎడమ దిక్కు నుంచి మొఖం పెట్టుకో."

సోమవారం నేను వెనక ఎక్కిన. సాయం చేస్తనని కాదు. తలుపు తెరిస్తే, ఇంజిన్ నడుస్తుండంగనే లోపల చూడొచ్చని నాకు అప్పుడే తట్టింది. ఇన్ని రోజులు బండి ఆగినంకనే లోపల చూసినం. ఆగకముందు అక్కడేం జరుగుతదో ఇంతవరకు ఎవలూ చూడలే.

పత్తర్‌గట్టిల దుకాణాలింకా షట్టర్లు లేపలే. అక్కడ ఒక గుంతల దిగినమో లేదో, బండి ఆగింది. బాపు దిగిండు, గొళ్ళెం తీసిండు, నట్టు బిగించిండు, కిక్కు కొట్టిండు. నోట్ల పాన్ పెట్టుకున్నంత సేపు. ఆయన మొఖం మీద, దాచిపెట్టుకున్నా దాగని సంబరం. మూత ఏసి బయలుదేరినం. నయాపూల్ వంతెన ఎక్కంగనే మళ్ల ఆగింది.

ఇంతకుముందు మూడు రోజులకొకసారి ఆగేది ఇప్పుడు పది నిమిషాలల్ల రెండుసార్లు. బాపు గడియారం దిక్కు చూసిండు.

"నట్టు బిగించి ఇంజిన్ నడిపియ్యి బాపు, నేను చూస్త."

రోడ్డు మీద బోర్లపడి తలకాయ తలుపు కాడ పెట్టిన. బ్యాటరీ, నట్టు, వైరు. వైరు సన్నగ వణుకుతుంది. ఎందుకు వణకాలె? ఇంకా జర వంగి చూసిన. కవర్ కింది మూల లోపలికి పొట్ట లెక్క ఉబ్బి, సరిగ్గ వైరు మీద ఆనుకొని ఉంది. ఇంజిన్ ఒక్కోసారి అదురుతుంటే ఆ పొట్ట వైరును నెట్టుతుంది, వైరు నట్టును తిప్పుతుంది. తలుపు కోసినంక రేకు బలం తగ్గి ఇంకా జోరుగ నెట్టుతుంది. కవర్ మొత్తం తీసినప్పుడు ఆ పొట్ట తువ్వాల మీద బోర్ల పడుకుంటుండె. అందుకే ఎవలికీ ఏమీ దొరకకపోతుండె.

పొట్ట ఎక్కడిదో నాకు తెల్సు. బయట అద్దం లెక్క కుదిరిన చోటుకు సరిగ్గ వెనక.

ఊకుంటే బండి ఇంకో గుంతకు ఆగుతది, టూల్‌రూమ్ పోతది, దిష్టి అని అమ్మ ఇంకో నిమ్మకాయ కోస్తది. నేను మాత్రం బతికిపోత.

"బాపు, రేకు లోపలికి ఉబ్బి వైరును నెట్టుతుంది. అది... ఎండకాలం నేను పడేసిన. పైన లప్పం పెట్టి రంగేసిన."

బాపు ఇంజిన్ ఆపి, వంగి, తలుపుల నుంచి వేలు పెట్టి ఆ ఉబ్బును నిమిరిండు. డాక్టర్ పొట్ట నొక్కినట్టు.

"ఎంత మందం పెట్టినవ్?"

"రెండు సూతులుంటది, పావు ఇంచు."

"రెండున్నర," అన్నడు వేలు తీయకుండనే.

నేను అటిటు చూసి హ్యాండిల్ మీది నిమ్మకాయ తెంపి, ఆ నల్లదారంతోని వైరును పక్కకు లాగి బ్యాటరీ పట్టీకి కట్టిన. చాచా కొలిచిన పిడికిలి పొక్క గనుక చెయ్యి తిరిగింది. డ్రాయింగ్ ప్రకారం కోసి ఉంటే ముడి పడకపోతుండె, కాని ఆ మాట అనేటంత ధైర్యం ఆ పూట లేకుండె. బాపు నట్టు బిగించి, "ఎక్కు," అన్నడు. అంతే.

గేటు కనపడేటప్పటికి సైరన్ కూస్తుంది. అది ఆగేలోపల హాజరు కార్డు పడాలె. బాపు బండి నా చేతుల ఇడిచి ఉరికిండు. యాభై ఏండ్ల మనిషి, చేతుల టిఫిన్ డబ్బా. సైరన్ గొంతు సన్నబడుతుండంగ గేటు లోపల మాయమైండు. నేను బండి పట్టుకొని అక్కడనే నిలబడ్డ. జరసేపైనంక కాపలాయన వచ్చి నా దిక్కు కాదు, తలుపు దిక్కు చూసిండు.

"ఎవల పెండ్లి?"

"ముందు మా బాపు కార్డు పడ్డదా చెప్పు అన్నా."

"పడ్డది, పడ్డది. ఆఖరి కార్డు ఆయనదే. పువ్వు మస్తుందిలే."

సాయంత్రం బాపు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని, క్యాలెండర్ కాగితం మళ్ల నేల మీద పరిచిండు. నేను తిట్లకు తయారై గోడకు ఆనుకొని కూసున్న. అమ్మ మాత్రం నిమ్మకాయ దారమే టూల్‌రూమ్‌ను కాపాడిందని పక్కింటామెకు చెప్తుంది. అది అబద్ధమని ఎట్లంటం?

బాపు తిట్టలే. పెన్సిల్ నా చేతికిచ్చిండు.

"గియ్యి."

"ఏం గియ్యాలె?"

"సొట్ట. ఎక్కడుంది, ఎంత లోతు, ఎంత లప్పం. ఏ లోపం దాచలేదని సంతకం పెట్టినవ్ గద. కాగితం సరిగ్గ ఉండాలె."

మూడు తీర్ల గీసిన. ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి. లోతు కాడ రెండు సూతులు అని రాసిన. బాపు వేలు ఆ అంకె మీద పెట్టి ఆపిండు. కొట్టేసి రెండున్నర రాసిన.