గోలీని తిట్టనివ్వని పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిన కబురు నాకు ఆఫీసులో తెలిసింది. ఓడ టికెట్ల కౌంటర్లో ఉన్నాను, ఎదురుగా పెద్ద లైను. పెదనాన్న ఫోన్ చేశాడు. ఆయన మాటల మనిషి కాదు. "ఒలే అమ్మీ, మీ పెద్దమ్మ ఎలిపోయింది" అన్నాడు. అంతే, ఫోన్ పెట్టేశాడు. నా మొహం చూసి, లైనులో ముందున్న పెద్దమనిషి "క్యా హువా దీదీ?" అని అడిగాడు. చెప్పాను. "జంగ్లీఘాట్‌లో చేపలమ్మే అమ్మా? వో ఫుట్‌బాల్ వాలీ?" అని తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆయనెవరో నాకు తెలీదు. పెద్దమ్మ దగ్గర ఎప్పుడో చేపలు కొనుంటాడు. కొన్నాడంటే, చేప కడిగి ముక్కలు కొట్టేదాకా ఆ టీమ్ గోల విని తీరాల్సిందే.

మావాళ్ళు శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి తాతల నాడే సముద్రం దాటి ఈ దీవికి వచ్చేశారు. పెద్దమ్మ పుట్టిందీ, పెరిగిందీ, పెళ్ళి చేసుకున్నదీ అన్నీ జంగ్లీఘాట్‌లోనే. పెదనాన్న వేటకి వెళ్ళేవాడు, ఈవిడ మార్కెట్లో అమ్మేది. కలకత్తా మొహం ఒక్కసారి కూడా చూడలేదు. అయినా కలకత్తాలో ఉన్న ఒక ఫుట్‌బాల్ టీమ్ కోసం, ఓడిపోవడంలో పేరు మోసిన టీమ్ కోసం, ఇన్నేళ్ళూ తిట్టుకుంటూ మొక్కుకుంటూ బతికింది. ఆ టీమ్ పేరు నేను రాయను. పెద్దమ్మే ఎన్నడూ పేరు పెట్టి అనలేదు. పెదనాన్నని 'ఈయన' అనేది, టీమ్‌ని 'మనోళ్ళు' అనేది. 'ఈయన' మీద ఎంత హక్కుందో 'మనోళ్ళ' మీదా అంతే హక్కు.

ఆవిడ అభిప్రాయాలు చాలా గట్టివి. చాలావరకు తప్పు కూడా. ఆఫ్‌సైడ్ అనే రూల్‌ని చచ్చేదాకా ఒప్పుకోలేదు. "ముందరెళ్ళి నిలబడితే తప్పేటి? చేప ఎక్కడుంటే వల అక్కడెయ్యాల గానీ, ఎవడో జెండా ఊపాడని ఎనక్కొచ్చేస్తామా?" అనేది. నేను రెండు అగ్గిపుల్లలూ, ఒక చింతగింజా పెట్టి ఆ రూల్ వివరించబోయాను. చింతగింజ తీసి పారేసి, "నీకు ఆఫీసులో పని లేనట్టుంది" అంది. ఏటా కోచ్‌ని మార్చేవాళ్ళు. అది ఆవిడకి ఒళ్ళు మంట. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆడనివాళ్ళని వదిలేసి పాపం ఆ కోచ్‌ని తరిమేస్తున్నారని తిట్టేది. డబ్బు పోసి విదేశాల నుంచి తెచ్చిన ఆటగాడు రెండో సగంలో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడితే, "ఐసులో దాచిన సరుకు, బయటెడితే ఎంతసేపుంటాదిలే" అని తేల్చేసేది.

గెలిచే టీమ్ ఏదైనా చూసుకోవచ్చు కదా అని మా వీధి కుర్రాళ్ళు ఏడిపించేవాళ్ళు. వాళ్ళంతా ఏ ఏడు ఎవరు గెలిస్తే ఆ చొక్కా వేసుకునే రకం. "గెలిచినోళ్ళకి నేనెందుకురా, ఆళ్ళకి జనం ఎక్కువైపోయి తోసుకుంటన్నారు" అనేది పెద్దమ్మ. అలా అంటూనే అందరికీ టీ పోసేది. ఒక్క షరతు మాత్రం ఉండేది. ఆవిడ ఇంట్లో కూర్చుని ఎవరినైనా తిట్టుకోవచ్చు. రిఫరీని, కోచ్‌ని, క్లబ్బు పెద్దల్ని, ఆ ఎండని, ఆ గడ్డిని తిట్టుకోవచ్చు. గోలీని, అదే గోల్‌కీపర్ని, మాత్రం తిట్టకూడదు. తిడితే చేతిలో గ్లాసు లాక్కునేది. మా తమ్ముడు ఒకసారి సగం తాగిన టీ పోగొట్టుకున్నాడు.

దానికి కారణం ఉంది. మా పక్కింటి కుర్రాడొకడు ఆ టీమ్‌లో గోలీగా ఆడాడు. ఇక్కడి గ్రౌండుల్లో ఆడుతుంటే ఎవరో చూసి తీసుకెళ్ళారు. జంగ్లీఘాట్ సగం హ్యాడో జెట్టీకి తరలి వెళ్ళి వాణ్ణి కలకత్తా ఓడ ఎక్కించింది. పెద్దమ్మ ఎండుచేపల మూట కట్టిస్తే, వాడు సిగ్గుపడి బ్యాగు అడుగున పెట్టుకున్నాడు. అదే ఆవిడకి ఫుట్‌బాల్‌తో మొదటి పరిచయం. వాడు ఆడింది కొద్ది కాలమే. ఒక మ్యాచ్ చివర్లో చేతిలోకి వచ్చిన బంతి జారిపోయింది, టీమ్ ఓడిపోయింది. అదే ఏడు భుజం కూడా దెబ్బతింది. వాడు చడీచప్పుడు లేకుండా ఓడ దిగి వచ్చేశాడు. జెట్టీకి ఎవరూ వెళ్ళలేదు, ఎప్పుడొస్తున్నాడో ఎవరికీ చెప్పలేదు గనక. ఆ తరవాత ఆటో కొన్నాడు, పెళ్ళి చేసుకుని బతు బస్తీకి మారాడు. వాడి పేరు మర్చిపోయిన వాళ్ళున్నారు గానీ 'గోలీ' అంటే ఇప్పటికీ అందరికీ తెలుసు.

గోలీ వచ్చేశాడు, పెద్దమ్మ మాత్రం ఆ టీమ్‌ దగ్గరే ఉండిపోయింది. రోజూ మార్కెట్ అయ్యాక ఆవిడని వాడి ఆటోయే ఇంటికి చేర్చేది. దారంతా ఇద్దరూ ధరల గురించి, మునిసిపాలిటీ నీళ్ళ గురించి, వాడి కూతురి చదువు గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఫుట్‌బాల్ మాట మాత్రం రాదు. మ్యాచ్ ఉన్న రోజున వాడు గేటు దగ్గర దింపేసి, లోపల టీవీ శబ్దం వినపడేలోపే బండి తిప్పేసేవాడు. వాడు ఒక్కసారి లోపలికొచ్చి పక్కన కూర్చుని మనోళ్ళ ఆట చూడాలని పెద్దమ్మ కోరిక. ఇన్నేళ్ళలో ఆవిడ నా దగ్గర నోరు తెరిచి చెప్పుకున్న కోరిక అదొక్కటే. "మరి అడగొచ్చు కదా" అంటే, "అడక్కూడదమ్మా" అనేది.

ఎందుకు అడక్కూడదో మా ఘాటులో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పడవ ఒడ్డుకి వచ్చేటప్పుడు దాని తీరు చూస్తేనే తెలిసిపోతుంది. బరువుగా నీళ్ళలోకి దిగి, పైన పక్షుల్ని వెంటేసుకుని వస్తే, "ఏటి పడింది, ఎంత పడింది?" అని ఒడ్డు మీంచే కేకలు వేస్తారు. తేలిగ్గా ఊగుతూ వస్తే ఎవరూ ఏమీ అడగరు. "ఎండ బాగా కాసిందా, గంజి తాగుతావా" అని వేరే మాటలు మాట్లాడతారు. ఖాళీ వలతో వచ్చినవాణ్ణి ఎంత పడిందని అడగడం పుండు మీద కారం జల్లడమే. పెదనాన్నయితే ఆ పద్ధతికి ఎంత అలవాటు పడ్డాడంటే, నా పదో తరగతి రిజల్ట్ కూడా అడగలేదు.

కిందటేడు పెద్దమ్మకి ఆయాసం ఎక్కువైంది. షాదీపూర్‌లో ఉన్న నేను సెలవు పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళేదాన్ని. ఆటో ఎలాగూ గోలీదే. అదే ఏడు మనోళ్ళు కూడా చావుబతుకుల్లో ఉన్నారు. ఆఖరి మ్యాచ్ గెలిస్తే పై లీగులో ఉంటారు, లేకపోతే కింది లీగుకి పోతారు. ఆస్పత్రి నుంచి తిరిగొస్తూ, ఆయాసపడుతూనే పెద్దమ్మ ఆ రోజు అడిగేసింది. "ఒరే, శనివారం మనోళ్ళ ఆఖరాట. నాకు గుండె గాబరాగుంది. నా పక్కన కూకోరాదా?"

గోలీ అద్దంలోంచి చూశాడు. "నన్నెందుకు పెద్దమ్మా? నాకేం తెలుసు ఆట గురించి?"

"నీకు గాక ఎవడికి తెలుసురా?"

"అలాగా? మరి ఇన్ని సాల్‌లలో ఒక్కరైనా అడిగారా నన్ను? కలకత్తాలో ఏం ఆడావురా, ఎలా ఉండేదిరా అని ఒక్కరు? మీరు అడిగారా?"

పెద్దమ్మ నిర్ఘాంతపోయింది. "ఓలమ్మో! నువ్వు బాధపడతావని గదరా అడగలేదు!"

"నాకు తెలీదా? నేనూ ఈ ఘాటోణ్ణే గదా." బండి నెమ్మదించింది. "నిండుగా వస్తే అడుగుతారు. ఖాళీగా వస్తే అడగరు. నన్నెవరూ అడగలేదు. అంతే, మీ లెక్కలో నేనేటో అప్పుడే తెలిసిపోయింది."

మేమంతా వాడి మీద దయ చూపిస్తున్నామనుకుంటూ ఉన్నాం. వీధి వీధంతా కలిసి, ప్రేమగా, ఏళ్ళ తరబడి, నీ వల ఖాళీరా అని వాడికి చెబుతూ వచ్చాం.

"ఆటో ఆపు" అంది పెద్దమ్మ. సముద్రం పక్క రోడ్డు అది. వాడు భయపడి ఆపాడు, ఆయాసం ఎక్కువైందేమో అనుకున్నాడు. పెద్దమ్మ ముందుకు వంగి వాడి దెబ్బతిన్న భుజం మీద చెయ్యి వేసింది. "ఇదిగో, ఇప్పుడడుగుతున్నాను. ఒడ్డు మీద నిలబడి కేకేసి అడుగుతున్నాననుకో. ఏటి పడిందిరా నీకు కలకత్తాలో? ఎంత పడింది? ఒక్కటి కూడా వదలకుండా సెప్పు."

వాడు ఇంజను ఆపేసి వెనక్కి తిరిగి కూర్చున్నాడు. తరవాత మొదలుపెట్టాడు. మొదట ముక్కలు ముక్కలుగా, తరవాత మాట మీద మాట పడేలా చెప్పాడు. మెస్సులో పప్పు నీళ్ళలా ఉండేదట. ఎండుచేపల మూట విప్పితే గదిలో వాళ్ళంతా ముక్కు మూసుకుని, వారం తిరిగేసరికి వాళ్ళే ఖాళీ చేసేశారట. వానలో పెద్ద టీమ్‌తో ఆడుతుంటే వాళ్ళకి పెనాల్టీ వచ్చిందట. గోల్ పోస్టు వెనక జనం అరుపులకి తన కాళ్ళ కింద నేల అదిరిందట. వీడు ఆపేశాడు. ముక్కూ మొహం తెలీని ఒక ముసలాయన కంచె దాటొచ్చి వీడి గ్లౌజుల్ని ముద్దు పెట్టుకున్నాడట. ఇదంతా మా వీధిలో పుట్టినవాడికి జరిగింది, మాకెవరికీ తెలీదు! "తరవాత? తరవాతేటయ్యింది?" అని పెద్దమ్మ అడుగుతూనే ఉంది. జారిపోయిన బంతి సంగతి కూడా వాడే చెప్పాడు. అన్నిటి మధ్యా అదీ ఒకటిగా చెప్పాడు. ఇద్దరు ప్యాసింజర్లు వచ్చి "భయ్యా, జాయేంగే?" అంటే "నహీ భయ్యా, బండిలో మీటింగ్ చల్ రహా హై" అన్నాను నేను.

శనివారం గోలీ వచ్చాడు. చెప్పులు విప్పి, కొత్త అల్లుడిలా గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, పెద్దమ్మ మంచం పక్కన కింద కూర్చున్నాడు. మనోళ్ళు ఆ రోజు నిజంగా బాగా ఆడారు, అబద్ధమెందుకు. అయినా చివర్లో ఒక గోల్ పడింది. టీవీలో మనోళ్ళ గోలీ కదలకుండా నిలబడిపోయాడు. గదిలో అందరూ టీవీ వదిలేసి మా గోలీ వైపు చూశాం. "వాడి తప్పు కాదు. మనోడే ఒకడు అడ్డమొచ్చాడు, వాడికి బంతి కనపళ్ళేదు" అన్నాడు, డాక్టరు చెప్పినంత నిమ్మళంగా. "సూశారా, సూశారా" అని పెద్దమ్మ మంచం మీద కూర్చునే మమ్మల్నందర్నీ దబాయించింది.

మనోళ్ళు దిగిపోయారు. ఏడుస్తుందేమోనని నేను పక్కకి జరిగాను. ఆవిడ మొహం చూస్తే కప్పు గెలిచినట్టుంది. "దిగితే దిగేర్లే. కిందా గ్రౌండే ఉంటాది గదా" అని, గోలీకి మీగడతో టీ పెట్టమని నాకు ఆర్డరు వేసింది. ఆ తరవాత బతికిన నెలల్లో ఉన్నంత సంతోషంగా ఆవిడని నేనెన్నడూ చూడలేదు. గోలీ సాయంత్రాలు వచ్చేవాడు. కింది లీగు మ్యాచ్‌లు టీవీలో రావు, వాడు ఫోన్‌లో వెతికి చదివి చెప్పేవాడు. ఆఫ్‌సైడ్ గురించి వాడితో కూడా పోట్లాడింది. వాడు గోలీ గనక ఆఫ్‌సైడ్ ఉండాల్సిందే అనేవాడు. నాలుగు రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

నేనైతే ఆవిడకి రుణపడి ఉన్నాను. ఊరికే అనడం లేదు. ఎవరైనా నా ఎదుట నోరు కట్టుకుని కూర్చుంటే, ఇప్పుడు నేను అడుగుతున్నాను. కొందరు విసుక్కుంటారు. చాలామంది చెబుతారు.

పెద్దమ్మ దినం నాడు వాన పడుతూ ఆగుతూ ఉంది. ఇంటిముందు షామియానా, కింద తడిసిన సిమెంటు, ప్లాస్టిక్ కుర్చీలు. భోజనాలయ్యాక అందరూ ఊరికే కూర్చున్నారు. గోలీ తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకుని వడ్డించి వడ్డించి అలిసిపోయి ఒక మూల నిలబడ్డాడు. పెదనాన్న కుర్చీలోంచి వాణ్ణే చూస్తున్నాడు. జీవితంలో ఎవర్నీ ఏమీ అడగని మనిషి, గొంతు సవరించుకున్నాడు.

"ఒరే, ఆ పెనాల్టీ ఏ పక్కకి దూకి పట్టావురా?"

షామియానాలో తలలన్నీ అటు తిరిగాయి. "ఎడమ పక్కకి పెదనాన్నా" అన్నాడు గోలీ.

"ఎలాగ?"

గోలీ అటూ ఇటూ చూశాడు. రెండు కుర్చీలు లాగి దూరందూరంగా పెట్టి, మధ్యలో నిలబడి, మోకాళ్ళు వంచాడు. మా తమ్ముడు భుజం మీద తువ్వాలు తీసి ఉండకట్టి విసిరాడు. తలనెరిసిన ఆటోడ్రైవరు గాల్లోకి లేచి, బారుగా సాగి, ఆ తడి సిమెంటు మీద దబ్బున పడ్డాడు. ఆడవాళ్ళు అయ్యయ్యో అని లేచారు. తువ్వాలు వాడి గుండెకి హత్తుకునే ఉంది, తెల్లచొక్కా ఒక పక్కంతా బురద. పెదనాన్న కుర్చీ లాక్కుని వాడి తల దగ్గరికి జరిగి, మోచేతులు మోకాళ్ళకి ఆనించి వంగాడు. వాడు లేవలేదు. పడుకునే, వాన చుక్కలు మొహం మీద పడుతుంటే, చెప్పడం మొదలుపెట్టాడు.