పిడి లేని ఆకురాయి

మా నాన్న పనిముట్టును కళ్లతో చూడడు, వేలితో తడుముతాడు. పానా చేతికిస్తే దాని నోటి రెండు అంచుల మీదా కుడి బొటనవేలు మెల్లగా నడిపిస్తాడు. ఉలి ఇస్తే తల చుట్టూ ఒకసారి తిప్పుతాడు. సుత్తి అయితే చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. తల వదులైతే లోపల సన్నగా ‘టిక్కు’మంటుందట. నేనూ చాలాసార్లు చెవి పెట్టి విన్నాను, నాకెప్పుడూ వినపడలేదు. కానీ ఆయన పక్కన పెట్టిన సుత్తిని వడ్రంగి విప్పి చూస్తే, ప్రతిసారీ లోపల పిడిని బిగించే చెక్కముక్క చీలిపోయే ఉండేది.

ఆయన పనిచేసేది రాళ్ల క్వారీ మరమ్మతు షెడ్డులో. షెడ్డు ఒక మూల ఇనుప జాలీ కిటికీ ఉన్న చిన్న గది ఉంది. క్రషర్లు, బెల్టులు, లారీలు బాగుచేసేవాళ్లకు కావలసిన చేతి పనిముట్లన్నీ అందులోనే ఉంటాయి. పొద్దున తీసుకోవాలి, షిఫ్టు దిగేటప్పుడు తిరిగి ఇవ్వాలి. గోడకున్న నల్ల చెక్క మీద ప్రతి పనిముట్టు ఆకారం తెల్లరంగుతో గీసి ఉంటుంది. ఏది తిరిగి రాలేదో ఖాళీగా మిగిలిన ఆకారమే చెప్పేస్తుంది. ఆ కిటికీ వెనక ఇరవై ఏళ్లకు పైగా కూర్చున్నందుకు నాన్నకు ‘కిటికీ మేస్త్రి’ అన్న పేరు స్థిరపడింది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

నాన్నకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చు. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయాక నన్ను ఆ గదిలో రాతపనికి పెట్టుకున్నారు. ఎవరు ఏం తీసుకున్నారో ఒక పుస్తకంలో రాస్తాను. రెండో పుస్తకం ఇంకొకటుంది. నేను చెప్పాలనుకున్నది ఆ రెండో పుస్తకం గురించే.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పనిముట్టు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే, ఆ పనిముట్టును నాన్న ఎర్రరంగు పూసిన మేకుకు తగిలిస్తాడు. దెబ్బ తిన్న మనిషి కోలుకుని పనిలోకి వచ్చిన రోజు, షిఫ్టు మారే సమయంలో, కిటికీ పక్కన వేలాడే రైలుపట్టా ముక్కను తానే మూడుసార్లు మోగించాలి. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు అందరూ ఆగుతారు. అతను ఆ పనిముట్టును చేతిలో పట్టుకుని, ఏం చేస్తుంటే ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. నేను దాన్ని పుస్తకంలోకి ఎక్కిస్తాను. తిట్లు ఉండవు, శిక్ష ఉండదు. నవ్వులు మాత్రం ఉంటాయి.

ఎక్కువ నవ్వించింది పెద్ద ఫిట్టరు. ఆయన మూడుసార్లు నిలబడ్డాడు. మొదటిసారి చెప్పింది నా పుస్తకంలో ఇలా ఉంది: “నట్టు బిగుసుకుపోయింది. పానాకు పైపు తొడిగి లాగాను. నట్టు కదల్లేదు, నేనే కదిలాను. రెండు పళ్లు అక్కడే ఎక్కడో పడ్డాయి, దొరికినవాళ్లు ఇవ్వండి. ఇప్పుడు మా ఆవిడ మీద కేకలేస్తే ఈల వస్తోంది. ఆవిడకి భయం పోయింది.”

అందరూ పడీ పడీ నవ్వారు. తర్వాత చాలాకాలం పానాకు పైపు తొడగబోయిన ప్రతివాడికీ వెనక నుంచి ఎవరో ఒకరు ఈల వేసేవారు. అంతే, పైపు కింద పెట్టేవాడు.

ఈ పద్ధతి నాన్న పెట్టిందే. అప్పటికి ఆయనా ఫిట్టరే. తోటి ఫిట్టరు ఒకాయన ఉలితో బోల్టు తల నరుకుతున్నాడు. దెబ్బలు తిని తిని ఆ ఉలి తల పువ్వులా విచ్చుకుని ఉంది. సుత్తి పడగానే దాని రేకు ఒకటి తెగి, కంట్లోకి దూసుకుపోయింది. ఆ కన్ను పోయింది. ఉలిని అలా వాడనిచ్చినందుకు ఎవరికీ మాట రాకూడదని, కాగితంలో ‘రాయి ఎగిరి తగిలింది’ అని రాశారు. రాయి అని రాశాక ఉలిని ఎవరు చూస్తారు? అది మళ్లీ పెట్టెలోకి చేరింది. నాలుగో రోజు అదే ఉలి నాన్న చేతికి వచ్చింది. రెండో రేకు నాన్న మెడలో దిగింది. వేలెడు పక్కకి దిగి ఉంటే నేను పుట్టేదాన్నే కాదని అమ్మ అంటుంది.

మెడ మానాక నాన్న ఆ గది తనకిమ్మని అడిగి తీసుకున్నాడు. ఆ ఉలి ఇప్పటికీ ఎర్ర మేకుల వరసలో మొదటి మేకుకు వేలాడుతోంది. దాని కథ ఎవరూ చెప్పలేదు కాబట్టి అది కిందికి దిగదు.

పోయిన వేసవిలో ఒక ఉదయం. ఎండలకు చెక్క ఎండిపోయి ఆకురాళ్ల పిడులన్నీ వదులయ్యాయి. ఇనుమును రుద్ది నున్నగా చేసే ఆకురాయికి ఒక కొస మేకులా సన్నగా ఉంటుంది. ఆ కొసకు పిడి తొడిగితేనే చెయ్యి భద్రం. కొత్త పిడులు తొడగాలని నాన్న పాతవన్నీ ఊడదీసి బల్ల మీద వరసగా పెట్టాడు. అంతలో పెద్ద క్రషర్ ఆగిపోయింది. ఇరుసుకూ చక్రానికీ మధ్య బిగించే ఇనుపముక్క విరిగిందని పెద్ద ఫిట్టరు పరిగెత్తుకొచ్చాడు. కొత్త ముక్క ఆయన చేతిలోనే ఉంది. గాడిలో పట్టడం లేదు, వెంట్రుకవాసి ఎక్కువుంది.

“మేస్త్రీ, ఆకురాయి!”

“పిడులు లేవు. ఒక్క పది నిమిషాలాగు.”

“పది నిమిషాలా! అక్కడ ఇరవై లారీలు నిలబడ్డాయి. మేనేజరు నా నెత్తి మీద నాట్యం చేస్తున్నాడు.”

“చెయ్యనీ. పిడి లేంది నీకివ్వను. ఆ ముక్క ఇలా తే.”

నాన్న దాన్ని బల్లకున్న ఇనుప వైసులో బిగించి, పిడి లేని ఆకురాయే తీసుకుని తానే రుద్దడం మొదలుపెట్టాడు. నేను పుస్తకం ముందు కూర్చుని చూస్తున్నాను. ఒకటి, రెండు, మూడు. నాలుగోసారి ఆకురాయి అంచు వైసుకు తట్టుకుని టక్కున ఆగింది. చెయ్యి ఆగలేదు. ఆ కొస బొటనవేలి మొదట్లో దిగి అటువైపు తేలింది.

నాన్న అరవలేదు. “చిన్నీ, గుడ్డ,” అన్నాడు అంతే. పెద్ద ఫిట్టరు మొహం తెల్లబోయింది.

ఆసుపత్రిలో తెగిన నరాన్ని కుట్టారు. ఆరు వారాలు కట్టు ఉండాలన్నారు. తర్వాత కూడా ఆ వేలు పూర్తిగా వంగదనీ, కొసన స్పర్శ ఉండకపోవచ్చనీ డాక్టరు చెప్పారు. పనిముట్లను తడిమిన వేలే అది.

కట్టు విప్పడానికి రెండు రోజులుందనగా మేనేజరు, పెద్ద ఫిట్టరు మా ఇంటికి వచ్చారు. మేనేజరు వయసులో చిన్నవాడు, మంచివాడే. కుర్చీ అంచున కూర్చుని, గోడ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

“మేస్త్రిగారూ, వచ్చే నెల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆ రెండో పుస్తకం తప్పకుండా అడుగుతాడు. పనిముట్లు చూసుకోవాల్సిన మనిషే పిడి లేని ఆకురాయి వాడాడని అందులో ఉంటే, ఆ గది మీకే ఉంచమని నేను ఏ మొహంతో అడగను? మీకింకా మూడేళ్ల సర్వీసుంది. ఆ చెయ్యితో వేరే పనిలో ఎక్కడ వేస్తారు?”

“ఏం రాయమంటారు?”

“రాయి జారి చేతి మీద పడిందని.”

పెద్ద ఫిట్టరు అందుకున్నాడు. “నేనక్కడే ఉన్నాను కదా మేస్త్రీ. రాయే అని నేనూ చెప్తాను. తొందరపెట్టింది నేను.”

“నిన్ను మూడుసార్లు నిలబెట్టాను కదరా.”

“నిలబెట్టావు. మూడుసార్లూ నిన్ను మనసులో తిట్టుకున్నాను. అది వేరు, ఇది వేరు.”

మేనేజరు నా వైపు తిరిగాడు. “పుస్తకం రాసేది నువ్వే కదమ్మా. ఆ ఒక్క వాక్యం రాసేస్తే సరిపోతుంది.”

చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, “నాన్న ఇంకా చెప్పలేదండీ,” అన్నాను.

వాళ్లు వెళ్లాక అమ్మ గిన్నెలు కాస్త గట్టిగానే సర్దింది. “అందరూ మీ మంచికే చెబుతున్నారు. మూడేళ్లు కళ్లు మూసుకుంటే అయిపోతుంది.”

నాన్న మెడ మీది పాత మచ్చను ఎడమచేత్తో రుద్దుకున్నాడు. “రాయి అని ఒకసారి రాశారుగా,” అన్నాడు.

అమ్మ చేతిలోని గిన్నె అక్కడే ఆగింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. పనిలోకి వెళ్లే రోజు మాత్రం ఆయన చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. షెడ్డుకు ఇస్త్రీ చొక్కా ఏమిటని నాన్న అడిగితే, “నలుగురిలో నిలబడేటప్పుడు నలిగిన చొక్కా ఎందుకు?” అంది.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు నాన్న గది తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. అన్నేళ్లలో ఆయన కిటికీకి ఇవతలివైపు నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. పట్టా ముక్కను ఎడమచేత్తో మోగించాడు. మొదటిది సరిగా తగల్లేదు. తర్వాత మూడు గట్టిగా మోగించాడు.

అరవైమంది దాకా ఆగారు. మేనేజరు తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నాన్న ఎర్ర మేకు నుంచి ఆకురాయి దించి, వంగని వేలి సందున పట్టుకున్నాడు.

“ఇది నా చేతికి తగిలింది,” అని ఆగిపోయాడు.

వెనక వరస నుంచి ఎవరో అరిచారు. “మేస్త్రీ, గట్టిగా చెప్పాలి! ఇక్కడికి వినపడట్లేదు.”

అందరూ ఘొల్లున నవ్వారు. ఎవరు నిలబడినా కిటికీలోంచి నాన్న అరిచే మాటే అది. నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వుతో గొంతు తెరుచుకుంది.

“పిడులన్నీ నేనే ఊడదీశాను. ఒకదానికి కొత్తది తొడిగాకే ఇంకోదాని పాతది తియ్యాలి, నేను అలా చెయ్యలేదు. ఇతనికి పిడి లేంది ఇవ్వనన్నాను. నేను మాత్రం అదే పట్టుకున్నాను. నాలుగు రుద్దులే కదా అనుకున్నాను. మీరందరూ ఇక్కడ నిలబడి చెప్పిన మాటే ఇది. ఒక్క దెబ్బే కదా, నాలుగు రుద్దులే కదా అని. మీరు చెబుతుంటే లోపల కూర్చుని, వీడికి బుద్ధెప్పుడొస్తుందా అనుకునేవాణ్ణి. నాకూ రాలేదు.” ఆకురాయిని పైకెత్తి చూపించాడు. “దీని తప్పేం లేదు. పిడి తప్పు కూడా లేదు, అది అసలు ఇక్కడ లేనే లేదు.”

పెద్ద ఫిట్టరు ముందుకొచ్చాడు. “తొందరపెట్టింది నేనని కూడా రాయి చిన్నీ.”

“రాయొద్దు,” అన్నాడు నాన్న. “తొందర రోజూ ఉంటుంది. ఆకురాయి పట్టింది నా చెయ్యి.”

నేను రాశాను. అది అరవై రెండోది. నాన్న మాటల్లో ఒక్కటి కూడా తగ్గించలేదు. సంతకం చేయడానికి ఆయన పెన్ను ఎడమచేత్తో పట్టుకుంటే అక్షరాలు చీమల్లా నాలుగువైపులకూ పోయాయి. దాని కింద మేనేజరు వచ్చి తనూ సంతకం చేశాడు. వెళుతూ నాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు నాన్న మామూలుగానే కిటికీ వెనక కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన అన్నం డబ్బా మాత్రం మూత కూడా తీయలేదు. ఇన్‌స్పెక్టరు రెండో పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాడు. పానా, పైపు, ఈల దగ్గర పెదవి బిగబట్టుకోవడం నేను చూశాను. చివరి పేజీ చదివాక తలెత్తాడు.

“ఈ అరవై రెండోది మీరేనా?”

“నేనేనండీ.”

“మొదట్లో ఇవన్నీ మా కోసం అల్లిన కథలేమో అనుకున్నాను. ఇది చదివాక మళ్లీ మొదటి నుంచి చదవాలనిపిస్తోంది.” అలాగే కుర్చీ లాక్కుని మళ్లీ చదివాడు కూడా. వెళ్లేముందు ఒకే ఒక్క మాట రాసిపెట్టమన్నాడు, పిడి లేని ఆకురాళ్లను విడిగా తాళం పెట్టెలో ఉంచాలని. ఆ తాళంచెవి నాన్న మొలతాడుకే ఉంది. గదీ నాన్నదే.

ఇప్పుడాయన పనిముట్లను ఎడమ బొటనవేలితో తడుముతాడు. మొదట్లో రెండేసి సార్లు తడిమేవాడు. ఇప్పుడు ఒక్కసారే చాలు.

పది రోజుల కిందట షిఫ్టు మారుతుండగా పట్టా ముక్క మోగింది. ఎవరికి దెబ్బ తగిలిందోనని నాన్న కంగారుగా లేచాడు. చూస్తే పెద్ద ఫిట్టరు, చేతిలో గడ్డపారతో. ఒంటి మీద ఎక్కడా కట్టు లేదు.

“ఏమైందిరా?”

“ఏమీ కాలేదు. బెల్టు రోలరు కింద పెట్టి ఎత్తుతుంటే గడ్డపార జారింది. కాలికి బెత్తెడు ఇవతల పడింది. కింద చెక్క పెట్టాల్సింది, పెట్టలేదు.”

“నెత్తురు రాలేదుగా, ఎందుకు మోగించావు?”

“వస్తేనే చెప్పాలా? కాలుండగా చెబుతున్నాను, రాసుకోండి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను అరవై మూడు అని వేసి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. గాయం అన్న చోట ‘లేదు’ అని రాశాను. ఆ పుస్తకంలో ఆ మాట పడటం అదే మొదటిసారి.

అందరూ వెళ్లాక నాన్న కిటికీ మూసి, నా పక్కకు వచ్చి వంగాడు. “ఎక్కడ రాశావు ఆ మాట, చూపించు,” అన్నాడు. చూపించాను. వంగని ఆ బొటనవేలు దాని మీద పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

“లే... దు.”

తర్వాత గడ్డపార తీసుకుని, తడిమి చూసి, గోడ మీద దాని ఆకారంలో తగిలించాడు.