అటూ ఇటూ ఊపిన తుండుగుడ్డ

మా పల్లెలో సముద్రం మీదనుంచి వచ్చే తెప్పలకు ఒడ్డున నిలబడి ఒకరు సైగ చేయాలి. లోపలున్నవాళ్లకు అల వీపే కనబడుతుంది, అది ఒడ్డున ఎలా విరుగుతోందో తెలియదు. తుండుగుడ్డ తలపైకెత్తి కదలకుండా పట్టుకుంటే రావచ్చునని, అటూ ఇటూ ఊపితే రావద్దని. ఆ పని మా మామది. పందొమ్మిదివందల అరవైల మొదట్లో ఒకసారి ఆయనకు జ్వరం వచ్చి, గుడ్డ నా చేతికిచ్చాడు. నాకప్పటికి పెళ్లయి ఏడాది. కోడలికి ఆ పనేమిటని నలుగురూ సణిగారు. సణగనీ, నాకూ కళ్లున్నాయి అనుకున్నాను.

మూడోనాడు మధ్యాహ్నం తెప్పలు ఇంకా రాలేదు, ఒక చిన్న విమానం వచ్చింది. ఇద్దరు పట్టేంతది. ఇంజను ఆగి ఆగి దగ్గుతోంది. కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర తడి ఇసుక మీదకు దిగబోతోంది. ఆ ఇసుక చూడ్డానికి చాప పరిచినట్టుంటుంది గానీ కాలు పెడితే మోకాలిదాకా దిగబడుతుంది. అరమైలు ఉత్తరానికి పోతే గట్టినేల ఉంది. మొగ వైపు పరుగెత్తాను. చేతులు పడిపోయేలా గుడ్డ అటూ ఇటూ ఊపాను. లోపలి మనిషి చేయి బయటపెట్టి, తనూ ఊపాడు.

చక్రాలు కూరుకుపోయి విమానం తలకిందులైంది. మగవాళ్లు అతన్ని బయటికి లాగారు. పైకి గాయమేమీ కనబడలేదు. "చోటు చూపించారు, చాలా సంతోషమమ్మా" అన్నాడు నాతో. ఆసుపత్రికి తీసుకెళ్తున్న ఎడ్లబండి ఇందుకూరుపేట చేరకముందే పోయాడు.

నాకు ఏడుపు రాలేదు. సాయంత్రం తెప్పలకు గుడ్డ ఎత్తి నిలబడ్డాను. ఇంటికెళ్లి వండాను, తిన్నాను.

"నువ్వు రావద్దనే గదమ్మా ఊపినావు. మన సైగ ఆయనకెట్ట తెలస్తది?" అన్నాడు మామ. నిజమే. ఆ మాట చెవిదాకా వచ్చింది గానీ లోపలికి పోలేదు.

వారం తర్వాత మద్రాసు నుంచి అతని తల్లి వచ్చింది. బండి తోలినవాళ్లు కొడుకు చివరిమాట ఆమెకు చెప్పారట. నా రెండు చేతులూ పట్టుకుంది.

"దిక్కుతోచక తిరుగుతున్నవాణ్ణి రమ్మని పిలిచింది నువ్వేనా తల్లీ? ఎవరూ లేనిచోట పడిపోయాడేమోనని కుమిలిపోయాను."

రావద్దన్నానని నోటిదాకా వచ్చింది.

అవునని తల ఊపాను.