గేదెను పిలిచిన పాట

కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంట్లో వంట చేస్తాను. శుక్రవారం సెలవు. ఆ రోజు ఖైతాన్‌లో ఉన్న కూతురి ఇంటికి పోతాను. రెండో తరగతితో బడి మానేసినదాన్ని, నాటకాల సంగతి నాకేం పట్టింది? కానీ ఈసారి ఇక్కడి తెలుగువాళ్లు వేసే పాటల నాటకంలో మనవరాలికి తల్లి వేషం ఇచ్చారు. అందులో ఉత్త మాటలుండవు, కథంతా పాటల్లోనే నడవాలి. మోటారుసైకిలు కోసం కొడుకు పాడిగేదెను అమ్మబోతాడు. తల్లి అడ్డుపడి పాడుతుంది. అక్కడ జనం కంటనీరు పెట్టాలి.

నాటకం రాసిందీ, బాణీ కట్టిందీ సబ్హాన్ గోదాములో పనిచేసే కోనసీమ అబ్బాయి. మా కూతురింట్లోనే హార్మోనియం పెట్టి సాధన చేయించాడు.

"మన గేదె అమ్మకురా" అని పాట. మా కడప వైపు ఎనుము అంటాం, అయినా ఊరుకున్నాను. బాణీ గేదె అన్న మాట దగ్గర సాగుతుంది, ఊపిరి తీసుకున్నాక తక్కినది దిగుతుంది. పిల్ల బాణీ తప్పకుండా పాడింది.

"మన గేదే... అమ్మకు రా."

కొడుకు వేషగాడు "వస్తన్నానమ్మా" అని గేదెలా అరిచాడు. ఇల్లంతా నవ్వులు. పిల్ల మొహం చిన్నబోయింది.

"నేను పాడనవ్వా. ఖలాస్."

"పాప తప్పేం లేదండి," అన్నాడు హార్మోనియం అబ్బాయి. "కానీ బాణీ మార్చను మామ్మగారూ. ఎంత కష్టపడి కట్టానో."

బొత్తాం ఊడిందని చొక్కా పారేస్తామా?

"బాణీ ఉండనీ. మాట మార్చు. బేరం పెట్టొద్దని రాయి."

పాడి చూశాడు. ఇమడలేదు. "విక్రయించకురా అంటేనో?"

"ఏ తల్లన్నా కొడుకుతో అట్ల మాట్లాడతాదా? సంతకు తోలాకురా నాయనా అంటాది గాని."

హార్మోనియం మీద అతని వేళ్లు ఆగాయి. "మన గేదే... తోలకురా," అని మెల్లగా పాడాడు. పిల్ల అందుకుంది. వేషగాడు అరవడానికి నోరు తెరిచి, చోటు దొరక్క మూసుకున్నాడు.

నాటకం నాడు పిల్ల ఆ గేదె అన్న మాట దగ్గర ఊపిరి తీసుకుంటుంటే నేను ఊపిరి బిగపట్టాను. ఎవరూ నవ్వలేదు. తోలకురా అని దిగేసరికి, నా పక్క కుర్చీలో ఎవరో డ్రైవరు ముక్కు చీదుకుంటూ, "తోలొద్దురా బాబూ, పాలిచ్చే గేదెరా అది" అన్నాడు.

లోపల నాకు పండగ. పైకి మాత్రం కసిరాను.

"గమ్మునుండబ్బా. ఇంగా చరణముంది, ఇననీ."