ఏరి తెచ్చిన కంకులు

పక్క వాటాలో ఎవరో బాత్రూం కడుగుతున్నారు. యాసిడ్ ఘాటు ముక్కుకు తగలగానే రాజేశ్వరి మేడమ్ గుర్తొచ్చి చిరాకు పుట్టింది. ఆవిడ పోయి చాలాకాలమైంది, నా చిరాకు మాత్రం పోలేదు. టెక్కలిలోని మా చిన్న ల్యాబులో ఆవిడ చేతికింద వడ్లగింజల్ని యాసిడ్‌లో కరిగించి, వాటిలో ఏ లోహాలున్నాయో చూసేవాళ్ళం. చేసిన పనే మళ్ళీ చేయించడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు.

పలాస దగ్గర పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు మురుగు అప్పలమ్మ అనే రైతు చేలోకి పారేది. ఆవిడ కూతురు పురిటికి వచ్చింది. ఆ చేని బియ్యం కూతురికి పెట్టొచ్చో లేదో తేల్చమని అప్పలమ్మ కంకులు తెచ్చింది. శుభ్రంగా కడిగి, కొత్త గుడ్డలో మూటకట్టి మరీ తెచ్చింది.

"చేనంతా తిరిగి ఏరావు కదూ?" అన్నారు మేడమ్.

"మరేటమ్మా, మీలాంటోలికి తాలు కంకులు ఎలాగిత్తాను? మంచివే ఏరి తెచ్చినాను."

వాటినే పరీక్షిస్తే ఆ పూటకు ఇంటికి పోవచ్చని నా ఆశ. మేడమ్ వింటేనా! మిట్టమధ్యాహ్నం నన్ను లాక్కెళ్ళి షెడ్డు పక్కన మురుగు పడే మూలన కంకులు కోయించారు. అక్కడా పంట ఏపుగానే ఉంది.

"ఇంత బాగుంటే ఇంకేం రోగం మేడమ్?" అని విసుక్కున్నాను.

"సీసం చాలామటుకు వేళ్ళలోనే ఆగిపోతుంది. కాడ్మియం గింజదాకా పోతుంది, తింటే కిడ్నీలు పాడౌతాయి. వరి పైకేమీ చెప్పదయ్యా."

ఆ మూల గింజలో కాడ్మియం ఉండాల్సినదానికంటే ఎక్కువే తేలింది. అప్పలమ్మ కాసేపు మామీద మండిపడి, "సర్లెండి, మా పిల్లకి పెట్టను. అమ్మీసుకుంటాను" అంది.

"అమ్మితే ఇంకొకరి పిల్ల తింటుంది కదా, పిన్నీ."

"మరి నన్నేటి సెయ్యమంటారు? కాల్సీమంటారా?"

చివరికి ఆ మూల వడ్లు అప్పలమ్మ తిననూ లేదు, అమ్మనూ లేదు. కూతురి కోసం టెక్కలి కొట్లో బియ్యం కొని మా ల్యాబు ముందునుంచే మోసుకెళ్తుంటే, మేడమ్ బయటికి పరుగెత్తి, "పిన్నీ, ఇవి ఏ చేనివో కనుక్కున్నావా?" అన్నారు. నాకైతే తల కొట్టుకోవాలనిపించింది.

ఇప్పుడు బియ్యం కొట్టుకు వెళ్ళిన ప్రతిసారీ ఇది ఏ ఊరి పంట అని నేనూ అడుగుతాను. "తిండానికా సార్, సంబంధం కలుపుకోడానికా?" అంటాడు కొట్టతను. నవ్వేసి సంచి తెచ్చుకుంటాను. ఇంట్లో మా అమ్మాయి కంచంలో అన్నం పెట్టబోతే చెయ్యి ఆగుతుంది. ఏమీ తెలియకుండా హాయిగా బతకనివ్వలేదని మేడమ్ మీద ఒళ్ళు మండుతుంది. పిల్లకు ఆకలేస్తోంది కదా, పెట్టేస్తాను.