కరిగిపోయిన బేరింగులు

నా చిన్నప్పుడు ఒక శుక్రవారం పొద్దున్న ఏడు గంటలకు మా మేనమావ మా పెరట్లో పొయ్యి వెలిగించాడు. మొన్న విజయనగరంలో నా మనవడి కార్ల షెడ్డుకి వెళితే సీసం కరిగించిన వాసన తగిలి ఆ పొద్దు గుర్తొచ్చింది. వాడు ఏదో పాత కారు ఇంజనుకి అసలు సామాన్ల కోసం ఫోనులో వెతుకుతున్నాడు.

అలాంటి సామాన్ల కోసమే అప్పట్లో మా నాన్న కాళ్ళరిగేలా తిరిగి వెతికాడు. సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టి, రాజాంలోనే ఉంటూ మిల్లు షావుకారి కారు నడిపేవాడు. ఆ కారు ఇంజను చెడిపోయింది. అసలు బేరింగులు తెస్తేనే ఉద్యోగం ఉంటుందన్నాడు షావుకారు. నాన్న చివరికి బొబ్బిలిలో మూలపడ్డ కారులోంచి వాటిని సంపాదించి, గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాడు.

ఆయన స్నానానికి వెళ్ళగానే మావ మూట విప్పాడు. బేరింగుల లోపలి మెత్తటి పూతను కరిగించి వలకు కట్టే గుండ్లు పోసేశాడు. అది నాన్న వలకేననుకున్నాను. ఇక ఇంట్లోనే ఉంటాడని సంబరపడ్డాను.

“ఏటి సేసినావురా?” అన్నాడు నాన్న.

“సీసమే గదా బావా. ఇనపముక్కలు నీకే ఉంచినాను, అట్టుకెల్లు.”

“కారు పోతే సంద్రం నేదేటి?” అంది అమ్మ.

ఉద్యోగం పోయి, నేను కోరుకున్నట్టే నాన్న ఇంట్లోనే ఉండిపోయాడు. వేటకెళ్ళేవాడు, వచ్చి తినేవాడు, పడుకునేవాడు. చచ్చేదాకా మాలో ఎవరితోనూ నవ్వుతూ ఒక మాట మాట్లాడలేదు.

ఆ పొద్దున్న పొయ్యి దగ్గర ఉన్నది నాన్న ఎర్రయ్య, అమ్మ పోలమ్మ, మావ అప్పన్న, చప్పట్లు కొడుతూ నేను.